టైరు పీడన సెన్సారు మార్పిడి

టైరు పీడన సెన్సారు అనునది కారు చక్రం లోపల అమర్చబడి, టైరులోని గాలి పీడనాన్ని కొలిచి, ఆ విలువను రేడియో తరంగాల ద్వారా కారులోని కంప్యూటరుకు పంపు చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. ఇట్టి సెన్సారులు, వాటి సంకేతాలను అందుకొను గ్రాహకం, డ్రైవరు ముందున్న హెచ్చరిక దీపం కలిసినదే టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ. దీనిని వాడుకలో టి.పి.ఎం.ఎస్. అందురు. సెన్సారు లోపలి బ్యాటరీకి కొన్ని సంవత్సరాల ఆయుష్షు మాత్రమే ఉండుట వలన, పాత కార్లలో వీటిని ఒకసారి అయినను మార్చవలసి వచ్చును. ఈ పని రెండు భాగాలు. మొదటిది, పాత సెన్సారును తీసి కొత్తదానిని చక్రానికి బిగించుట. రెండవది, కొత్త సెన్సారు యొక్క గుర్తింపు సంఖ్యను కారు కంప్యూటరులో నమోదు చేయుట. రెండవ భాగం పూర్తి కానిచో మొదటిది ఎంత చక్కగా చేసినను హెచ్చరిక దీపం ఆరదు.

చరిత్ర

ప్రయాణికుల కార్లలో టైరు పీడన పర్యవేక్షణ మొదట 1986లో జర్మనీకి చెందిన పోర్షే 959 కారులో కనిపించినది. అప్పటి నుండి చాలా కాలం ఇది ప్రధానంగా ఖరీదైన కార్లకే పరిమితమై ఉన్నది.

ఈ వ్యవస్థ సామాన్యుల కార్లలోనికి వచ్చుటకు కారణం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జరిగిన వరుస ప్రమాదాలు. 1990వ దశకంలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన కొన్ని ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర, వేగంగా వెళ్ళుచున్నప్పుడు ఊడిపోవుట, వాహనం బోల్తాపడుట జరిగినవి. ఈ ప్రమాదాలలో మరణించిన వారి సంఖ్య రెండు వందలకు పైబడినది. 2000 ఆగస్టులో ఆ టైర్లను వెనుకకు తీసుకొనుట మొదలైనది. టైర్ల తయారీ లోపంతో పాటు, గాలి తక్కువగా ఉన్న టైరు ఎక్కువగా వేడెక్కుట కూడా నాటి చర్చలో ప్రధానాంశమైనది. ఆ వాహనానికి ఫోర్డ్ సంస్థ సూచించిన పీడనం 26 పి.ఎస్.ఐ. కాగా, ఫైర్‌స్టోన్ సంస్థ 30 పి.ఎస్.ఐ. ఉండవలెనని చెప్పినది.

గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకు ఎక్కువగా వంగును. ఆ వంపు వలన రబ్బరులో వేడి పుట్టును. వేగం, బరువు, ఎండ తోడైనప్పుడు ఆ వేడికి టైరు పొరల మధ్య అతుకు సడలును. టైరులో గాలి తగ్గిన సంగతి కంటికి కనిపించునప్పటికే చాలా తగ్గి ఉండును. కావున కొలిచి చెప్పు పరికరం అవసరమని భావించి, అమెరికా కాంగ్రెసు 2000 సంవత్సరంలో ట్రెడ్ చట్టాన్ని చేసినది. ఆ చట్టం క్రింద 2002లో వచ్చిన మొదటి నిబంధనను వినియోగదారుల సంఘమొకటి న్యాయస్థానంలో సవాలు చేయగా, 2003లో అది కొట్టివేయబడినది. 2005లో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, సూచించిన పీడనం కంటె 25 శాతం లేక అంతకు మించి తగ్గినచో డ్రైవరుకు హెచ్చరిక అందవలెను. 2007 సెప్టెంబరు నుండి అక్కడ తయారగు తేలికపాటి వాహనాలన్నిటికి ఇది తప్పనిసరి అయినది. ఐరోపా సమాఖ్యలో 2012 నవంబరు నుండి కొత్త నమూనాలకు, 2014 నవంబరు నుండి కొత్త కార్లన్నిటికి ఇట్టి నిబంధన అమలులోనికి వచ్చినది.

అందువలన 2007, 2008 నాటి అమెరికా కార్లు ఈ సెన్సారులతో వచ్చిన మొదటి తరం సామాన్య కార్లు. వాటి యంత్రాలు నేటికిని నడచుచుండగా, చక్రాలలోని తొలి బ్యాటరీలు మాత్రం ఎప్పుడో అయిపోయినవి. చదువుకై, ఉద్యోగానికై అమెరికా వెళ్ళిన తెలుగువారిలో పలువురు మొదట కొనునది వాడిన పాత కారే కనుక ఈ విషయం వారికి తరచు ఎదురగును.

రకాలు

టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థలు ముఖ్యంగా రెండు రకాలు.

పరోక్ష వ్యవస్థ: ఇందులో టైరు లోపల సెన్సారు ఉండదు. గాలి తగ్గిన చక్రం వ్యాసం కొంచెం తగ్గి, మిగిలిన వాటి కంటె వేగంగా తిరుగును. బ్రేకులకు సంబంధించిన ఏ.బి.ఎస్. వ్యవస్థలోని చక్రవేగ సెన్సారుల ద్వారా ఈ తేడాను కంప్యూటరు గుర్తించును. ఇందులో మార్చవలసిన పీడన సెన్సారు లేదు. గాలి సరిచేసి, కంప్యూటరుకు కొత్త ప్రమాణాన్ని చూపించుటకు రీసెట్ చేసిన చాలును.

ప్రత్యక్ష వ్యవస్థ: ఇందులో ప్రతి చక్రంలోను ఒక సెన్సారు ఉండి, పీడనాన్ని నేరుగా కొలుచును. ఈ వ్యాసంలో వివరించిన మార్పిడి ఈ రకానికే వర్తించును. పాత కారుకు సెన్సారు కొనుటకు ముందు ఆ కారులో ఏ రకం వ్యవస్థ ఉన్నదో యజమాని పుస్తకంలో చూచుకొనవలెను.

సెన్సారు నిర్మాణం

ప్రత్యక్ష వ్యవస్థలోని సెన్సారు 20 నుండి 40 గ్రాముల బరువు కలిగి, అగ్గిపెట్టె కంటె చిన్నదిగా ఉండును. సాధారణంగా ఇది గాలి కొట్టు వాల్వుకు లోపలి వైపున అతికి ఉండును. అందులో పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలుచు చిప్పు, చక్రం తిరుగుటను గుర్తించు భాగం, రేడియో ప్రసారిణి, లిథియం బిళ్ళ బ్యాటరీ ఉండును. నీరు, ధూళి, కుదుపులు తగలకుండ వీటినన్నిటిని గట్టి జిగురు పదార్థంలో ముంచి మూసివేయుదురు. ఆ కారణంగా బ్యాటరీని మాత్రమే మార్చుటకు సాధారణంగా వీలుండదు. బ్యాటరీ అయిపోయినచో సెన్సారునే మార్చవలెను.

బ్యాటరీ ఆదా కొరకు కారు నిలిచి ఉన్నప్పుడు సెన్సారు నిద్రావస్థలో ఉండును. చక్రం తిరుగుట మొదలైన తరువాత మేల్కొని, సుమారు నిమిషానికొకసారి సంకేతం పంపును. పీడనం హఠాత్తుగా పడిపోయినచో వెంటనే పంపును. ప్రతి సంకేతంలోను పీడనం, ఉష్ణోగ్రతలతో పాటు ఆ సెన్సారుకు మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య ఉండును. పక్క వరుసలో పోవుచున్న మరొక కారు సెన్సారు సంకేతాన్ని తనదిగా పొరబడకుండ, కారు కంప్యూటరు తనవద్ద నమోదైన సంఖ్యలనే లెక్కలోనికి తీసుకొనును.

సెన్సారు పాడగుటకు కారణాలు

బ్యాటరీ అయిపోవుట: ఇది అన్నిటికంటె సామాన్యమైన కారణం. బ్యాటరీ సాధారణంగా 5 నుండి 10 సంవత్సరాలు పనిచేయును. ఎక్కువ దూరం తిరుగు కారులో సంకేతాలు ఎక్కువగా పంపబడుట వలన త్వరగా అయిపోవును. బలహీనపడిన బ్యాటరీ చలి ఉదయాలలో పనిచేయక, ఎండ ఎక్కిన తరువాత మరల పనిచేయుట కూడ కద్దు.

తుప్పు: పలు సెన్సారుల వాల్వు గొట్టం అల్యూమినియంతో చేయబడును. దానిలో సాధారణ ఇత్తడి వాల్వు పిన్ను బిగించినచో, తేమ, ఉప్పు తగిలి రెండు లోహాల మధ్య రసాయనిక చర్య జరుగును. మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లు ప్రాంతాలలో ఇది మరీ ఎక్కువ. కొంత కాలానికి పిన్ను గొట్టంలో పట్టివేయును, బలవంతంగా తిప్పినచో గొట్టమే విరుగును. అందుచేత ఇట్టి వాల్వులకు నికెల్ పూత గల పిన్నులనే వాడవలెను. లోహపు మూత బదులు ప్లాస్టిక్ మూత వాడుట మేలు.

దెబ్బ తగులుట: టైరు విప్పునప్పుడు యంత్రం గాని, పలుగు వంటి చేతి పనిముట్టు గాని తగిలి సెన్సారు విరుగుట సాధారణం.

పంక్చరు ద్రవం: టైరులోనికి ఎక్కించు కొన్ని రకాల పంక్చరు ద్రవాలు సెన్సారు యొక్క సన్నని రంధ్రాన్ని మూసివేయును.

హెచ్చరిక దీపం చెప్పు సంగతి

హెచ్చరిక దీపం గుర్రపు నాడా ఆకారంలో, మధ్యన ఆశ్చర్యార్థకంతో ఉండును. అమెరికా నిబంధనల ప్రకారం తయారైన కార్లలో ఇది రెండు వేరు వేరు సంగతులను తెలుపును.

దీపం వెలిగి నిలకడగా ఉన్నచో, ఏదో ఒక టైరులో గాలి తక్కువగా ఉన్నదని అర్థం. ఇక్కడ చేయవలసినది సెన్సారు మార్చుట కాదు, గేజీతో నాలుగు టైర్లు కొలిచి గాలి సరిచేయుట. కారు బయలుదేరదీసినప్పుడు దీపం 60 నుండి 90 సెకండ్లు మిణుకుమని, ఆ పిదప నిలకడగా వెలిగినచో, వ్యవస్థలోనే లోపం ఉన్నదని అర్థం. సెన్సారు మార్పిడి ఆలోచన ఈ రెండవ సందర్భంలోనే రావలెను. పరికరాల ధర చెల్లించిన తరువాత అసలు లోపం గాలిదేనని తెలియుట, లేదా సెన్సారు లోపమేలే అనుకొని గాలి తగ్గిన టైరుతోనే ప్రయాణించుట, ఈ రెండును దీపం భాషను గమనించకపోవుట వలన కలుగు నష్టాలే. రెండవది ప్రాణాపాయం కూడ.

శీతకాలపు తొలి చలిలో దీపం వెలుగుటకు ముఖ్య కారణం సెన్సారు కాదు, వాతావరణమే. మూసి ఉన్న టైరులో ఉష్ణోగ్రత తగ్గినచో పీడనం తగ్గును. ఉదాహరణకు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 32 పి.ఎస్.ఐ. ఉన్న టైరు, −15 డిగ్రీల వద్ద సుమారు 26 పి.ఎస్.ఐ.కి దిగును. 32కు 25 శాతం తక్కువ అనగా 24. నెలకు సుమారు ఒక పి.ఎస్.ఐ. చొప్పున సహజంగా తగ్గు గాలి దీనికి తోడైనచో దీపం వెలుగుట సహజం.

మార్పిడికి ముందు పరీక్ష

ఏ చక్రంలోని సెన్సారు పాడైనదో దీపం చెప్పదు. దీనికి చేతిలో ఇమిడే పరీక్ష పరికరం వాడుదురు. పరికరాన్ని ఒక్కొక్క వాల్వు వద్ద పెట్టి మీట నొక్కగా, అది 125 కిలోహెర్ట్‌జ్ సంకేతంతో సెన్సారును నిద్ర లేపును. పనిచేయు సెన్సారు తన గుర్తింపు సంఖ్యను, పీడనాన్ని, ఉష్ణోగ్రతను తెలుపును. కొన్ని రకాలు బ్యాటరీ స్థితిని కూడ తెలుపును. బదులు పలుకనిదే పాడైన సెన్సారు. నాలుగును బదులు పలికి, దీపం ఇంకను మిణుకుచున్నచో లోపం గ్రాహకంలో గాని, నమోదైన సంఖ్యలలో గాని ఉండవచ్చును. టైరు విప్పకముందే నాలుగు సెన్సారుల సంఖ్యలను వ్రాసి ఉంచుకొనుట మంచి పద్ధతి.

సరైన సెన్సారు ఎంపిక

సెన్సారు చూచుటకు ఒకే విధంగా ఉన్నను అన్ని కార్లకు పనికిరాదు. అమెరికా, జపాను విపణుల కొరకు తయారైన కార్లలో 315 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం, ఐరోపా కార్లలో 433.92 మెగాహెర్ట్‌జ్ ఎక్కువగా వాడుకలో ఉన్నవి. అమెరికాలో కూడ 433 వాడిన కార్లు కలవు. కావున కారు తయారైన సంవత్సరం, నమూనాలను బట్టి చూచుకొనవలెను. పౌనఃపున్యం వేరైనచో కారుకు ఆ సంకేతం వినిపించదు.

కొనుటకు మూడు మార్గాలు కలవు. కారు తయారీదారు అమ్ము సెన్సారు, అదే కారుకు సరిపడునట్లు ఇతర సంస్థలు తయారు చేసినది, పలు కార్లకు సరిపడునట్లు ప్రోగ్రాము చేయదగిన సార్వత్రిక సెన్సారు. మూడవ రకానికి ఒక సౌలభ్యం కలదు. పాత సెన్సారు సంఖ్యనే కొత్తదానిలో ఎక్కించవచ్చును. అప్పుడు కారుకు మార్పు తెలియదు, తిరిగి నమోదు చేయనవసరం లేదు. చనిపోయిన సెన్సారు సంఖ్యను పరికరంతో చదువుట కుదరదు గాని, చాలా వాటిపై ఆ సంఖ్య ముద్రించి ఉండును. వాడిన సెన్సారులను కొనుట తగదు. వాటి బ్యాటరీలో మిగిలిన ఆయుష్షును ఖచ్చితంగా తెలుసుకొనుట కష్టం.

వాల్వులలో రబ్బరు గొట్టంతో లాగి కూర్చునవి, నట్టుతో బిగించు లోహపు గొట్టం గలవి అని రెండు రకాలు కలవు. ఫోర్డ్ సంస్థ తొలి నమూనాలలో సెన్సారు వాల్వు వద్ద కాక, రిమ్ము చుట్టు బిగించిన ఉక్కు పట్టీపై వాల్వుకు ఎదురు దిక్కున ఉండును. బయటి నుండి వాల్వును చూచి సెన్సారు లేదని భావించరాదు.

మార్చు విధానం

టైరును రిమ్ము నుండి విప్పవలసి ఉన్నందున ఈ పని సాధారణంగా టైరు యంత్రం గల దుకాణంలో జరుగును. క్రమం ఈ విధంగా ఉండును.

1. కారును సమతలంపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం నట్లు కొద్దిగా వదులు చేసి, జాకీతో ఎత్తి చక్రం తీయవలెను.
2. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలవలెను.
3. రిమ్మును అంటి ఉన్న టైరు అంచును యంత్రంతో విడదీయవలెను. యంత్రపు రేకు సెన్సారు ఉన్న చోట నొక్కరాదు. వాల్వు వద్ద సెన్సారు ఉన్నచో వాల్వుకు దూరంగా నొక్కవలెను. ఫోర్డ్ పట్టీ రకంలో వాల్వుకు ఎదురు దిక్కున నొక్కినచో సెన్సారు నలుగును.
4. టైరును విప్పునప్పుడు దాని అంచు సెన్సారుపై ఒరిగి లాగకుండ చక్రాన్ని తిప్పుకొనవలెను.
5. నట్టు విప్పి పాత సెన్సారును తీసి, రిమ్ము రంధ్రం చుట్టు ఉన్న తుప్పు, మురికి శుభ్రపరచవలెను. ఇక్కడ గరుకు మిగిలినచో గాలి కారును.
6. కొత్త సెన్సారును కొత్త రబ్బరు వాషరుతో అమర్చి, నట్టును కొలత చూపు పానాతో బిగించవలెను. చాలా సెన్సారులకు ఈ బిగింపు 4 నుండి 8 న్యూటన్ మీటర్ల మధ్య ఉండును, ఖచ్చితమైన విలువ తయారీదారు కాగితంలో ఉండును. చక్రం నట్ల బిగింపుతో పోల్చినచో ఇది చాలా స్వల్పం. చేతి అలవాటు కొద్ది బలంగా బిగించినచో గొట్టం పగులును లేదా వాషరు నలిగి కొన్నాళ్ళకు గాలి కారును.
7. టైరును తిరిగి ఎక్కించి, డ్రైవరు తలుపు చట్రంపై అతికించిన కాగితంలో సూచించిన పీడనానికి గాలి నింపవలెను. టైరు పక్కగోడపై ముద్రించినది గరిష్ఠ పీడనం, అది నింపవలసిన కొలత కాదు.
8. సబ్బు నీటితో వాల్వు చుట్టు గాలి కారుటను పరీక్షించవలెను.
9. సెన్సారు బరువు మారి ఉండవచ్చును కనుక చక్రానికి తిరిగి బ్యాలెన్సింగు చేయించవలెను.

సెన్సారు బాగున్నను, టైరు మార్చిన ప్రతిసారి రబ్బరు వాషరు, నట్టు, వాల్వు పిన్ను, మూతలను కొత్తవి వేయుట తయారీదారుల సూచన. ఇవన్నియు కలిపి చిన్న పొట్లంగా అమ్మబడును.

కారులో నమోదు చేయుట

కొత్త సెన్సారు సంఖ్యను కారు కంప్యూటరుకు నేర్పు విధానాలు మూడు.

స్వయంగా నేర్చుకొనుట: కొన్ని కార్లలో 10 నుండి 20 నిమిషాలు నడిపినంతనే కంప్యూటరు కొత్త సంఖ్యను గుర్తించును.

నిలిపి నేర్పుట: జనరల్ మోటార్స్, ఫోర్డ్ కార్లలో పలు నమూనాలకు ఇది వర్తించును. కారును నేర్చుకొను స్థితిలో పెట్టి, ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనుక, ఎడమ వెనుక అను వరుసలో ఒక్కొక్క వాల్వు వద్ద పరికరంతో సెన్సారును లేపవలెను. ఒక్కొక్కటి నమోదైనప్పుడు హారను మ్రోగును. వరుస తప్పినచో గాలి తగ్గిన టైరు ఒకటి, కారు చూపునది మరొకటి అగును.

సాకెట్టు ద్వారా వ్రాయుట: డాష్‌బోర్డు క్రింద ఉన్న ఓ.బి.డి. సాకెట్టుకు పరికరాన్ని తగిలించి, నాలుగు సంఖ్యలను కంప్యూటరులో వ్రాయుదురు. 2007 నాటి టొయోటా కామ్రీ వంటి కార్లకు ఈ విధానమే అవసరం. ఇట్టి కార్లలో డాష్‌బోర్డు క్రింద ఒక రీసెట్ మీట కలదు. దానిని నొక్కినచో అప్పటి పీడనాన్ని ప్రమాణంగా గ్రహించుట మాత్రమే జరుగును. కొత్త సంఖ్య నమోదు కాదు. సెన్సారు మార్చి, మీట నొక్కి, దీపం ఆరలేదని కొత్త సెన్సారునే తప్పుపట్టుట ఈ తేడా తెలియకనే జరుగును. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఆ మీట నొక్కుట మరింత ప్రమాదకరం. ఆ తక్కువ పీడనమే సరైనదని కంప్యూటరు భావించి, హెచ్చరించవలసిన సమయంలో మౌనంగా ఉండును.

ఒకటి మార్చవలెనా, నాలుగు మార్చవలెనా

దెబ్బ తగిలి ఒకటి విరిగినచో దానిని మాత్రమే మార్చిన చాలును. కాని పది సంవత్సరాలు నిండిన కారులో బ్యాటరీ అయిపోయి ఒకటి ఆగినచో, అదే రోజున పుట్టిన మిగిలిన మూడును సమీప కాలంలోనే ఆగగలవు. ప్రతిసారి టైరు విప్పు కూలి, బ్యాలెన్సింగు, నమోదు ఖర్చులు తిరిగి వచ్చును. కావున టైర్లు అరిగి కొత్తవి వేయించు సమయంలోనే నాలుగు సెన్సారులను మార్చుట పొదుపైన మార్గం. టైర్లకు ఇంకను ఆయుష్షు ఉన్నచో, అంతవరకు గేజీతో నెలకొకసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పీడనం కొలుచుకొనుచు నడుపవచ్చును. సెన్సారు చెడినంత మాత్రాన టైరు చెడదు, చూచుటకు మరొక కన్ను లేకపోవుటయే నష్టం. దీపంపై నల్ల టేపు అంటించి మరచుట మాత్రం ఆ కన్నును శాశ్వతంగా మూయుటయే అగును.

అమెరికాలో చట్టపరమైన అంశం

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం మరమ్మతు దుకాణం వారు వాహనంలోని భద్రతా పరికరాన్ని తెలిసి నిరుపయోగం చేయరాదు. కావున పనిచేయుచున్న సెన్సారును తీసి మామూలు రబ్బరు వాల్వు బిగించుటకు వారు అంగీకరించరు. అయితే దుకాణానికి వచ్చునప్పటికే సెన్సారు చెడి ఉన్నచో, దాని స్థానంలో మామూలు వాల్వు బిగించుట ఉల్లంఘన కాదని అక్కడి రహదారి భద్రతా సంస్థ 2011లో వివరించినది. పని మొదలు పెట్టుటకు ముందే దుకాణం వారు సెన్సారులను పరీక్షించి, ఫలితాన్ని కాగితంపై వ్రాసి చూపుటకు ఇదియొక కారణం.

భారతదేశంలో

భారతదేశంలోని పాత కార్లలో చాలా వాటికి ఈ వ్యవస్థ లేదు. 2020లో కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన సవరణ ప్రకారం, 3.5 టన్నుల లోపు బరువు, డ్రైవరుతో కలిపి తొమ్మిదికి మించని సీట్లు గల ప్రయాణికుల వాహనాలలో టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ, ట్యూబ్‌లెస్ టైరు మరమ్మతు సామగ్రి ఉన్నచో స్టెపినీ తప్పనిసరి కాదు. స్టెపినీ లేని కారులో సెన్సారు పనిచేయుట మరింత అవసరం, ఎందుకనగా గాలి తగ్గుటను ముందే తెలిసికొనుటపైనే ఆ ఏర్పాటు ఆధారపడి ఉన్నది.

వ్యవస్థ లేని పాత కార్లకు వాల్వు మూత స్థానంలో బిగించు బయటి సెన్సారులు విపణిలో లభించును. వీటికి టైరు విప్పనవసరం లేదు, పలు రకాలలో బ్యాటరీని ఇంటివద్దనే మార్చుకొనవచ్చును. అయితే మూత సరిగా కూర్చొననిచో ఆ సెన్సారు ద్వారానే గాలి కారగలదు. దొంగతనానికి కూడ అవకాశం కలదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని చిన్న పంక్చరు షాపులలో టైరును చేతి పలుగులతో విప్పుట నేటికిని కలదు. టైరు లోపల సెన్సారు ఉన్నదని యజమాని ముందుగా చెప్పి, వాల్వు ఉన్న చోట పలుగు దూర్చకుండ చూచుకొనవలెను. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగిన సాధారణ పంక్చరును టైరు విప్పకుండనే బయటి నుండి పూడ్చవచ్చును కనుక, అట్టి సందర్భాలలో సెన్సారుకు ముప్పు ఉండదు.

ఇవి కూడా చూడండి

టైరు
ట్యూబ్‌లెస్ టైరు
ఏ.బి.ఎస్. బ్రేకులు
వాయు పీడనం